ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే పుస్తకాలు ఇంకా ఎందుకు? ఏది నిజమో తేల్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. ప్రతి టాపిక్ మీదా యూట్యూబ్‌లో వీడియో ఉంది. చాట్‌బాట్‌ని అడిగితే లావుపాటి పుస్తకాన్ని కూడా పది పాయింట్లు చేసి చేతిలో పెడుతోంది. ఇంకా పుస్తకం ముందేసుకుని కూర్చోవడం టైమ్ వేస్ట్ అని రూమ్మేట్లు అంటున్నారు. ఇంకోపక్క మీ నాన్నగారు వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మి మీకు పంపుతున్నారు, కాదంటే కోప్పడుతున్నారు. ఇంత సమాచారంలో నిజమేదో తేల్చుకునే అలవాటు ఎలా వస్తుంది, దానికి చదవడం ఏమన్నా పనికొస్తుందా అని అడిగారు.

పనికొస్తుంది, చదవండి. కానీ పుస్తకాలు చదివితే చాలు, అబద్ధాన్ని పసిగట్టే తెలివి దానంతటదే వస్తుందని మాత్రం అనుకోకండి. నిదానంగా చదవడం ఒక పని, చకచకా ఆరా తీయడం వేరే పని. రెండూ విడివిడిగా నేర్చుకోవాలి. బాగా చదువుకున్నవాళ్ళు చాలామంది రెండోది రాక మోసపోతున్నారు. ఆరా తీయడంలో చురుగ్గా ఉండే కుర్రాళ్ళు కొందరికి మొదటిది అలవాటు లేక, ఏ విషయమైనా నాలుగు లైన్లు దాటితే తలకెక్కదు.

నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో చాలా ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఇప్పుడు జర్నలిజం విద్యార్థులకి పాఠాలు చెప్తున్నాను. కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం డెస్కు (వచ్చిన వార్తల్ని సరిచూసి దిద్దే విభాగం) అలవాట్లే.

ముందు ఆరా సంగతి

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. చరిత్రలో పీహెచ్‌డీలు చేసినవాళ్ళు 10 మంది, ఫ్యాక్ట్ చెకింగే వృత్తిగా ఉన్నవాళ్ళు 10 మంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 25 మంది. అందర్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లు చూపించి, వీటిని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పమన్నారు. వాటిలో పిల్లల డాక్టర్ల సంఘాలవి రెండు ఉన్నాయి. ఒకటి వేల మంది సభ్యులున్న పాత సంఘం. రెండోది దాన్నుంచి విడిపోయిన కొద్దిమంది, తమ అభిప్రాయాలు ప్రచారం చేసుకోవడానికి పెట్టుకున్నది. రెండింటి పేర్లూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. సైట్లు కూడా చూడ్డానికి అంతే పెద్దరికంగా ఉంటాయి.

విద్యార్థుల్లో ఎక్కువమంది, చరిత్రకారుల్లో కూడా కొందరు, ఆ రెండోదాన్ని సరిగ్గా అంచనా వేయలేకపోయారు. వాళ్ళకి చదవడం రాకనా? బాగా వచ్చు కాబట్టే. పేజీని పైనుంచి కిందదాకా శ్రద్ధగా చదివారు. భాష బాగుంది, డాక్టర్ల పేర్లున్నాయి, ఆధారాలంటూ చివర జాబితా ఉంది, అందుకని నమ్మారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీ మీద ఎంతోసేపు నిలవలేదు. పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారో వెతికారు. క్షణాల్లో దాని బండారం బయటపడింది.

నా దృష్టిలో ఈ ప్రశ్నకి ఇదే అసలు మలుపు. పుస్తకాన్ని చదివే తీరులో వెబ్ పేజీని చదివితే మోసపోతాం. పుస్తకమైతే లోపలికి వెళ్ళాలి. ముక్కూమొహం తెలియని వెబ్ పేజీ అయితే ముందు బయటికి రావాలి. దాని గురించి అదే చెప్పుకునేదాన్ని పట్టించుకోకుండా ఇంకొకరిని అడగాలి.

డెస్కులో మేం చేసేది కూడా ఇంచుమించు ఇదే. మండలం కంట్రిబ్యూటర్, అంటే అక్కడి నుంచి వార్తలు పంపే విలేఖరి, రాత్రి ఐటెం పంపిస్తాడు: 'వడగళ్ళ వానకు 500 ఎకరాల్లో మామిడి నష్టం'. అతను మంచివాడే, అబద్ధం చెప్పాలని కాదు. కానీ 500 అని లెక్కపెట్టింది ఎవరు? ఫోన్ చేస్తే సర్పంచ్ చెప్పాడంటాడు. సర్పంచ్‌కి ఎలా తెలుసు? తోటలోళ్ళు చెప్పారు. ఉద్యానశాఖ అధికారి వచ్చాడా? రేపొస్తాడట. అప్పుడు హెడ్డింగ్‌లో అంకె తీసేసి, లోపల 'దాదాపు 500 ఎకరాల్లో నష్టం జరిగిందని రైతులు చెబుతున్నారు' అని లెక్కని వాళ్ళ నోటే పెట్టి వదిలేవాళ్ళం. చదివేవాళ్ళకి అది చిన్న తేడాలాగే కనపడుతుంది. డెస్కులో జీతం ఇచ్చేదే ఆ తేడాకి. ఎవరన్నారు, వాళ్ళకెలా తెలిసింది, వాళ్ళకి సంబంధం లేని ఇంకొకరు కూడా అదే అంటున్నారా? ఈ మూడూ అడిగే ఓపిక ఉంటే వాట్సాప్ చెత్తలో ఎక్కువభాగం అక్కడే రాలిపోతుంది.

ఇది ఊరికే తెలివితేటల సరదా కాదని చెప్పడానికి 2018 గుర్తుచేయాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ ఏడాది వేసవిలో తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతా మెసేజులు పోటెత్తాయి. వాటితో పాటు ఒక వీడియో తిరిగింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి బైక్ మీద వచ్చిన ఇద్దరు ఎత్తుకుపోతారు. అది మన దేశంలో తీసిందే కాదు. పిల్లల భద్రత మీద జనాన్ని హెచ్చరించడానికి పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో వాళ్ళు వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దింపేసి, జాగ్రత్త చెప్పే అట్ట పట్టుకుని చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. మిగిలిన ముక్కలో ఉన్నదంతా కంటికి కనపడేదే, గ్రాఫిక్స్ లేవు, మార్ఫింగ్ లేదు. అయినా మొత్తం అబద్ధమే.

అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పోలీసుల్ని ఊళ్ళకి పంపి, డప్పుతో, పాటలతో ఇది పుకారని చెప్పించారు. ఊళ్ళో మనిషికి మనిషే వెళ్ళి చెప్పాలని ఆమె గ్రహించడం నాకు చాలా నచ్చింది. అన్నిచోట్లా అలా జరగలేదు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగుర్ని కొట్టి చంపారు. 13న కర్ణాటక బీదర్ జిల్లాలో హైదరాబాద్ నుంచి స్నేహితులతో వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు జనం దాడిలో చనిపోయారు. వాళ్ళలో ఒకరు దారిలో బడిపిల్లలకి చాక్లెట్లు పంచడమే అనుమానానికి కారణం. కారెక్కి అక్కడినుంచి బయటపడ్డారు కానీ, వాళ్ళకంటే ముందు వాట్సాప్ మెసేజ్ ముర్కి ఊరికి చేరింది. అక్కడ జనం దారికి అడ్డం కాశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

ఆ మెసేజ్ ముందుకు తోసినవాళ్ళందరూ దుర్మార్గులేం కాదు. చాలామంది తల్లిదండ్రులు. పిల్లల భయం వాళ్ళది. అందుకే నా విద్యార్థులకి ఒకటే చెప్తాను: చదవగానే గుండె దడదడలాడినా, 'అదీ దెబ్బంటే!' అని సంబరం కలిగినా, వేలు ఆగాల్సింది అక్కడే. 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 వార్తల మీద ఎంఐటీ పరిశోధకులు చేసిన పరిశీలన 2018 మార్చిలో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అబద్ధపు వార్తని జనం మళ్ళీ పంచుకునే అవకాశం నిజం వార్తకంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన కాలం అబద్ధానికి పట్టినదానికి ఆరు రెట్లు. బాట్ ఖాతాల్ని (మనుషులు కాకుండా ప్రోగ్రాములు నడిపేవి) పక్కన పెట్టి చూసినా తేడా పోలేదు. అంటే ఇది మనుషుల పనే.

అబద్ధమైనా మళ్ళీ మళ్ళీ వింటే నిజంలాగే అనిపిస్తుంది, ఇది ఇంకో ఇబ్బంది. 1977లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న మాట ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కోళ్ళ రైతులు ధర లేక నెత్తీనోరూ కొట్టుకున్నారు. చివరికి ఆ నెలాఖర్లో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. (మంత్రి తింటే అది శాస్త్రీయ రుజువు ఎలా అవుతుంది అని ఒక స్టూడెంట్ అడిగాడు. సరైన ప్రశ్నే. మంచి మార్కులు వేశాను.)

ఆ ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో పదిమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త కాయ ముళ్ళతో గుండ్రంగా, టీవీల్లో చూపించే వైరస్ బొమ్మలాగే ఉంటుంది కదా. ఆ పోలికతో ఉమ్మెత్త గింజలు కరోనాకి మందు అని ఒక టిక్‌టాక్ వీడియో చెప్పింది. నమ్మి తాగారు. ఉమ్మెత్త విషమని మన పల్లెటూళ్ళో ముసలివాళ్ళకి తెలియంది కాదు. తెలిసినదాన్ని కూడా భయం, వీడియో కలిసి మరిపించగలవు.

ఇక రోజువారీ పద్ధతి. ఫోటో అనుమానంగా ఉంటే గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే ఫోటో ఇంతకుముందు ఎప్పుడెక్కడ వచ్చిందో చూడండి. వరదలొచ్చిన ప్రతిసారీ పాత వరదల ఫోటోలు కొత్త తారీఖుతో తిరుగుతాయి, లెన్స్‌లో నిమిషంలో దొరికిపోతాయి. మెసేజ్ అయితే అందులో ఉన్న ప్రత్యేకమైన పేరో అంకెనో తీసుకుని వెతకండి. 'శాస్త్రవేత్తలు కనుగొన్నారు' అంటే ఏ శాస్త్రవేత్త, ఏ ఊరు? పేరు లేకపోతే అక్కడితో ఆపేయండి. 'ప్రభుత్వం జీవో ఇచ్చింది' అంటే నంబరు, తేదీ ఉండాలి. శాతాలు కనపడితే దేనిలో శాతమో అడగండి. రెండు కేసులు నాలుగైనా 100 శాతం పెరిగినట్టే లెక్క.

మరి పుస్తకం ఎందుకు?

ఎందుకంటే ఆరా తీయాలంటే ముందు అనుమానం రావాలి. ఆ విషయం మీద మీకు కొంతైనా తెలిసి ఉంటేనే అనుమానం వస్తుంది. ఏమీ తెలియనివాడికి అన్నీ సమానంగా నిజంలాగే కనపడతాయి. ఆ తెలిసి ఉండటం పది పాయింట్లతో రాదు. ఒక విషయాన్ని మొదట్నుంచి చివరిదాకా, దాని మెలికలతో సహా చదివితే వస్తుంది.

మీరు గ్రూప్స్ అన్నారు కాబట్టి మీకు పనికొచ్చే ఉదాహరణే చెప్తాను. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014. దీని గురించి రెండు రాష్ట్రాల్లోనూ అభిప్రాయం లేనివాళ్ళు లేరు. చదివినవాళ్ళెంతమంది? క్లాసులో అడిగితే చేతులు లేవవు. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్ళు ఉన్న చట్టం, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక ఆదివారం చాలు.

పదమూడో షెడ్యూల్ తీయండి. ఆంధ్రలో చేసే ప్రసంగాల్లో 'విభజన చట్టం ప్రకారం కడపలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టాలి' అని వింటాం. తెలంగాణలో అదే మాట ఖమ్మం జిల్లా గురించి, కోచ్ ఫ్యాక్టరీ గురించి వింటాం. చట్టంలో ఉన్న మాట వేరు. స్టీల్ అథారిటీ ఆరు నెలల్లోగా అక్కడ ఫ్యాక్టరీ ఏర్పాటుకి సాధ్యాసాధ్యాలను పరిశీలించాలి అని ఉంది. రైల్ కోచ్ ఫ్యాక్టరీకి కూడా అంతే, పరిశీలించాలి. అదే షెడ్యూల్లో దుగరాజపట్నం ఓడరేవు దగ్గరికొస్తే మాట మారుతుంది: కేంద్రం అక్కడ కొత్త మేజర్ పోర్టును అభివృద్ధి చేయాలి, మొదటి దశ 2018 చివరికల్లా పూర్తవ్వాలి. ఐఐటీ, ఐఐఎం లాంటి సంస్థల దగ్గర ఇంకో మాట: ఏర్పాటుకి చర్యలు తీసుకోవాలి. ఒకే షెడ్యూల్, మూడు రకాల హామీలు. ఒకటి గట్టిది, ఒకటి కాస్త వదులు, ఒకటి పరిశీలనతోనే తీరిపోయేది.

ప్రత్యేక హోదా కోసం చట్టమంతా వెతకండి. కనపడదు. అది 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చేసిన ప్రకటనలో ఉంది, ఐదేళ్ళకి ఇస్తామని. చట్టంలో ఉన్నది వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి ప్యాకేజీ మాట, 46వ సెక్షన్‌లో.

దీన్నిబట్టి హోదా అడగడం తప్పనో, ఉక్కు ఫ్యాక్టరీ అక్కర్లేదనో నేననడం లేదు. ప్రధాని సభలో ఇచ్చిన మాటకి విలువ లేదా అని వాదించొచ్చు, గట్టిగా వాదించొచ్చు. కానీ ఏది చట్టం, ఏది ప్రకటన, ఏది పరిశీలన అన్నది తెలిసినవాడి వాదనకి, తెలియనివాడి వాదనకి బోలెడు తేడా ఉంటుంది. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాళ్ళకి ఆ తేడా రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. అసలు కాగితం ఒక్కసారి చదివితే, ఆ విషయం మీద వచ్చే వీడియోల్లో ఎవరు చదివి మాట్లాడుతున్నారో, ఎవరు విన్నది మళ్ళీ చెప్తున్నారో మీకే తెలుస్తుంది. విమర్శనాత్మకంగా ఆలోచించడమంటే నాకు తెలిసి చాలావరకు ఇదే. పెద్ద పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, 'పరిశీలించాలి' అన్న మాట దగ్గర ఆగగలిగితే చాలు.

రాజ్యాంగం, తెలంగాణ సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్, ఆంధ్ర సామాజిక ఆర్థిక సర్వే, బడ్జెట్ ప్రసంగం... అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ముందు అసలుది, తర్వాత గైడ్, ఆ తర్వాతే వీడియో. మీరిప్పుడు తలకిందులుగా వెళ్తున్నారు.

కాగితమా, స్క్రీనా?

దీని మీద మూఢభక్తి అక్కర్లేదు. 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలని, మొత్తం 1,70,000 మందికి పైగా పాఠకుల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వచ్చింది. సమాచారం ఇచ్చే పాఠాలు కాగితం మీద చదివినవాళ్ళకే మెరుగ్గా అర్థమయ్యాయి, టైమ్ పెట్టి చదివించినప్పుడు తేడా ఇంకా పెరిగింది. కథల విషయంలో తేడా కనపడలేదు. కాబట్టి నవల ఫోన్‌లో చదువుకోండి, ఏం పర్లేదు. పాలిటీ, ఎకానమీ మాత్రం ప్రింట్ తీసుకుని చదవండి. జిరాక్స్ ఖర్చు దండగ కాదు.

చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది నాలుగు లైన్లలో రాయండి. అప్పుడు తెరిచి సరిచూసుకోండి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళు వాళ్ళని దాటిపోయారు. వీడియో చూసినప్పుడు 'అంతా అర్థమైంది' అనిపిస్తుంది చూడండి, అది ఆ ఐదు నిమిషాల సుఖం. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత లేదు.

రెండు మూడు నెలలు ఇలా చేస్తే చదవడం కూడా తేలికవుతుంది. మొదట్లో పేజీకి ఒకసారి చేయి ఫోన్ మీదకి పోతుంది. పోనివ్వండి, ఫోన్ మాత్రం పక్కగదిలో ఉండాలి.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే కూర్చోవడానికి సీటు దొరకదు, జిల్లా గ్రంథాలయాల్లోనూ అదే పరిస్థితి. అది చూసి జనం చదువుతున్నారని సంతోషపడతాం. కానీ దగ్గరికెళ్ళి చూస్తే అందరి ముందూ సొంత మెటీరియల్, కోచింగ్ నోట్సు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. బీరువాల్లో పుస్తకాలు అలాగే ఉంటాయి. మీరు ఎలాగూ అక్కడే కూర్చుంటున్నట్టయితే, వారానికొకసారి లేచి ఆ బీరువా తెరవండి. సిలబస్‌లో లేనిది ఒకటి తీసుకోండి: చరిత్రో, ఆత్మకథో, కథల పుస్తకమో. మీ నాన్నగారు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు, ఆ డబ్బుల్తో కొన్నవే అవి.

చాట్‌బాట్ సారాంశాలు

నేనూ వాడతాను, వాడొద్దని చెప్పను. అయితే 2023లో న్యూయార్క్‌లో జరిగింది తెలుసుకుని వాడండి. ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని కోర్టుకి సమర్పించారు. వాటిలో ఆరు ఎప్పుడూ, ఎక్కడా లేనివి. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. నాకు ఆసక్తిగా అనిపించిన ముక్క ఇంకోటుంది. ఆ లాయరుకి అనుమానం రాకపోలేదు. వచ్చింది. అయితే ఆ కేసు నిజమైనదేనా అని మళ్ళీ ఆ చాట్‌బాట్‌నే అడిగాడు. నిజమే అంది. స్టాన్‌ఫర్డ్‌లో మోసపోయినవాళ్ళు చేసిందీ ఇదే: పేజీ నమ్మదగిందా అని పేజీనే అడిగారు.

సారాంశంతో ఇంకో చిక్కు ఉంది. అది తప్పు చెప్పకపోయినా, 'పరిశీలించాలి', 'అయితే', 'ఈ షరతుకు లోబడి' లాంటి మాటలు కుదింపులో ముందుగా ఎగిరిపోతాయి. పరీక్షలో పట్టుకునేది వాటినే. మీరు చదివాక సారాంశం అడిగి, మీరు రాసుకున్నదానితో పోల్చి చూడండి. అది వదిలేసింది ఏమిటో కనిపెట్టడం మంచి వ్యాయామం.

రెండు జాగ్రత్తలు

అచ్చులో ఉంది కదా అని పుస్తకాన్ని నమ్మేయకండి. షుగర్ వారంలో తగ్గిస్తాం అనే పుస్తకాలు బస్టాండులో ఎప్పట్నుంచో అమ్ముతున్నారు, వాట్సాప్ పుట్టకముందు నుంచే. రాసినాయనకి ఆ రంగంతో ఏం సంబంధం, ఏ ఏడాది ముద్రణ అని మొదటి పేజీల్లోనే చూడండి. 2022 ఏప్రిల్‌కి ముందు అచ్చయిన పుస్తకంలో ఆంధ్రకి 13 జిల్లాలే ఉంటాయి. 2016 దసరాకి ముందుదైతే తెలంగాణకి 10. పుస్తకం అబద్ధం చెప్పలేదు, పాతబడింది అంతే.

రెండోది, నాకు ఎక్కువ భయం వేసేది. నాలుగు మోసాలు చూశాక కొందరు 'ఏ పేపర్నీ, ఏ చానల్నీ నమ్మను, అందరూ అమ్ముడుపోయారు' అంటారు. వినడానికి పెద్ద ఆలోచనాపరుడిలా ఉంటుంది. నా అనుభవంలో అలా అన్నవాళ్ళందరూ ఎవరో ఒక బావమరిది నడిపే గ్రూపుని కళ్ళుమూసుకుని నమ్ముతారు. అన్నిటినీ ఒకే తీరుగా అనుమానించడం, అన్నిటినీ ఒకే తీరుగా నమ్మడం, రెండింట్లోనూ కష్టపడి చూసే పని లేదు. తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేసే పత్రికకీ, తప్పని తేలాక పోస్టు చడీచప్పుడు లేకుండా తీసేసేవాళ్ళకీ మీ నమ్మకంలో తేడా ఉండాలి. మీకిష్టమైన పార్టీకి, మీ కులానికి, మీ హీరోకి అనుకూలంగా వచ్చినదాన్ని ఇంకాస్త గట్టిగా పరీక్షించండి. ఇదే అన్నిటికంటే కష్టం. డెస్కులో పక్కన ఇంకో సబ్ ఎడిటర్ ఉంటాడు కాబట్టి పట్టుకుంటాడు. ఇంట్లో మీకు మీరే.

నాన్నగారి విషయం

ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ 'ఇది ఫేక్' అని పెట్టకండి. ఆయన మెసేజ్‌ని వదిలేసి తన పరువుని కాపాడుకోవడంలో పడతారు, మీరు చెప్పింది ఎంత నిజమైనా దండగే. విడిగా ఫోన్ చేసి, 'నాన్నా, ఇది మీకెవరు పంపారు? ఆయనకెలా తెలిసిందట?' అని మామూలుగా అడగండి. జవాబు ఆయన దగ్గర ఉండదు, అది ఆయనకే తెలుస్తుంది. ఇంటికెళ్ళినప్పుడు లెన్స్‌లో ఫోటో ఎలా వెతకాలో ఆయన ఫోన్‌లోనే, ఆయన వేలితోనే చేయించండి. నేర్చుకున్నాక వాళ్ళే గ్రూపుల్లో మిగతావాళ్ళని పట్టుకుంటారు. మా పెద్దవాళ్ళలో ఒకరిప్పుడు ఆ పనిలోనే ఉన్నారు, మేం భయపడుతున్నాం.

ప్రతిదానికీ వాదన పెట్టుకోకండి కూడా. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా ప్రకటించిందన్న పాత మెసేజ్ అబద్ధమే, వదిలేయండి, ఎవరికీ ప్రాణం పోదు. మందులు, డబ్బులు, ఏదో ఒక మతం వాళ్ళ మీదకో ఊరు దాటి వచ్చినవాళ్ళ మీదకో ఉసిగొల్పేవి, ఈ మూడింటి దగ్గరే గట్టిగా నిలబడండి. డబ్బుల విషయంలో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది 'డిజిటల్ అరెస్ట్'. పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్‌లో భయపెట్టి డబ్బు వేయించుకుంటారు. అలా ఫోన్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదని ఆయనకి ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోతే వెంటనే చేయాల్సిన సైబర్ హెల్ప్‌లైన్ నంబరు 1930. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అమ్మానాన్నలిద్దరి ఫోన్లలోనూ సేవ్ చేసి రండి.